వలస వచ్చినవారు నగరంలో కలవడం పేరు సరిగా రాయడంతో మొదలవుతుంది

వలస వచ్చిన సముదాయం తన సంస్కృతిని వదులుకోకుండా నగర పౌరజీవితంలో భాగం కాగలదా అని మీరు అడిగారు. హైదరాబాదు పాతబస్తీ వైపు ప్రభుత్వ పాఠశాలల్లో చాలాకాలం ఉపాధ్యాయుడిగా పనిచేశాను కనుక, అక్కడ చూసినదాన్ని బట్టి చెబుతున్నాను.

చాంద్రాయణగుట్ట దగ్గరి బార్కస్‌లో, నిజాం సైన్యంలో కొలువు కోసం యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతివారు ఎక్కువ. సైనికుల బ్యారక్‌ల వల్లే ఆ చోటికి ఆ పేరు వచ్చింది. 1948 పోలీసు చర్యతో ఆ కొలువులు పోయాయి. కొందరిని వెనక్కి పంపించగా, మిగిలినవారు ఇక్కడే స్థిరపడ్డారు. గోధుమలు, మాంసం కలిపి వండే వారి హరీస్ నుంచే నగరం హలీమ్‌ను నేర్చుకుంది, ఆ హైదరాబాదీ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. వారి మర్ఫా వాద్యం ఈనాడు ఎవరి పెళ్ళి ఊరేగింపులోనైనా మోగుతుంది. సంస్కృతి విషయంలో నాకు బెంగ లేదు.

బెంగంతా కాగితాల దగ్గరే. ఓటర్ల జాబితా సవరణకు ఇంటింటికీ తిరిగినప్పుడు, ఇక్కడే పుట్టిన ఒక పెద్దాయన పేరు రేషన్ కార్డులో ఒకలా, ఓటరు జాబితాలో మరొకలా, కుమారుడి బడి రికార్డులో ఇంకొకలా ఉండటం చూశాను. వారి పేర్ల మధ్యలో వచ్చే ‘బిన్’ అంటే అరబ్బీలో కుమారుడని తెలియని గుమస్తా, తండ్రి పేరునే మనిషి పేరుగా రాసేశాడు. విదేశాల్లో మన ఇంటిపేరును అసలు పేరనుకుని పిలిచినప్పుడు మనకు కలిగే ఇబ్బందే ఇది, కాని ఇక్కడ దానివల్ల ఓటు పోతుంది. ఆనాటి నుంచి, ఏది మనిషి పేరు, ఏది తండ్రి పేరు, ఏది వంశం పేరు అని ఇంటి పెద్దను అడిగి తెలుసుకున్నాకే దరఖాస్తు నింపేవాణ్ణి. ఇలా ఇంటింటికీ వెళ్ళే సిబ్బందికి ఈ ఒక్కటి నేర్పినా ఎంతో మేలు జరుగుతుంది.

ఆ పక్కనే బాలాపూర్‌లో ఉంటున్న, మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యాల పరిస్థితి ఇంతకన్నా కష్టం. 1951 శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు కనుక, వారి చేతిలోని ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డుకు ఇక్కడి చట్టంలో అంత బలం లేదు. అయితే 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ ప్రతి బిడ్డ గురించీ మాట్లాడుతుంది. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదనీ చెబుతుంది. ఒక తండ్రి ఇద్దరు పిల్లలతో వచ్చినప్పుడు మా బడిలో కొందరు సందేహించారు. ఆ సెక్షన్ చదివి వినిపించాక ఒప్పుకున్నారు. రిజిస్టరులో ఆ పిల్లల పేర్లను, తండ్రి చేత రెండుసార్లు చెప్పించుకుని, ఆయన పలికినట్లే రాశాను.