సరస్సుల సీమలో కంకర బాటలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఉత్తర జర్మనీలోని మెక్లెన్‌బర్గ్ సరస్సుల సీమలో గ్రావెల్ సైకిల్ మీద తిరిగిన సంగతి రెండు నెలల క్రితం ఈ శీర్షికలో ప్రస్తావించిన నాటి నుంచి దాని గురించే ఉత్తరాలు వస్తున్నాయి. అందుకే ఈసారి చోటంతా వాటికే ఇస్తున్నాను. అన్నట్టు, ‘గ్రావెల్’ అనగానే మన పత్రికల్లో వచ్చే అక్రమ తవ్వకాల వార్తలు గుర్తుకు రావడం సహజమే. గ్రావెల్ సైకిల్ అంటే మాత్రం తారు వేయని కంకర, మట్టి బాటలకు పనికొచ్చేలా వంపు హ్యాండిల్‌తో, రోడ్డు సైకిల్ కంటే వెడల్పాటి టైర్లతో తయారుచేసిన సైకిల్.

ప్రశ్న: నేను బెర్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. గ్రావెల్ సైకిల్ కొని నాలుగు నెలలైంది. శని, ఆదివారాల్లో ఆ సరస్సుల వైపు వెళ్లాలని ఉంది. పటంలో చూస్తే అంతా చదునుగానే ఉంది కాబట్టి రోజుకు 100 కిలోమీటర్లు తొక్కవచ్చని అనుకుంటున్నాను. ఏ దారి పట్టమంటారు? – ఒక పాఠకుడు, బెర్లిన్

సమాధానం: ముందుగా ఆ 100ను 50కి తగ్గించుకోండి. అక్కడ మనిషిని అలసటకు గురిచేసేది దూరమూ కాదు, ఎత్తూ కాదు, చక్రం కింది నేల. చివరి హిమయుగంలో ఉత్తరం నుంచి దిగివచ్చిన మంచు పలక సుమారు 15,000 ఏళ్ల క్రితం కరిగి వెనక్కి తగ్గినప్పుడు, అది తోసుకొచ్చిన మట్టి, రాళ్లు ఒక పొడవాటి గట్టులా పేరుకున్నాయి. ఆ గట్టుకు దక్షిణాన కరుగు నీరు పారిన మేరా ఇసుక పరుచుకుంది. పల్లాల్లో, మంచుగడ్డలు కూరుకుపోయి కరిగిన గుంటల్లో నీరు నిలిచి వెయ్యికి పైగా సరస్సులు ఏర్పడ్డాయి. ఇప్పుడు ఆ ఇసుక మీదే పైన్ అడవులు ఉన్నాయి, ఆ అడవుల గుండానే మీ బాటలు సాగుతాయి. ఊళ్లలో వీధులకు పరిచిన గుండ్రాళ్లు కూడా చాలావరకు ఆ మంచు మోసుకొచ్చి పొలాల్లో వదిలిపోయినవే. పటంలో ఇవేవీ కనిపించవు.

బెర్లిన్ నుంచి రోస్టాక్ వైపు వెళ్లే ఆర్‌ఈ5 ప్రాంతీయ రైలు ఫ్యుర్‌స్టెన్‌బర్గ్, నోయ్‌స్ట్రెలిట్స్, వారెన్ స్టేషన్ల మీదుగా పోతుంది. మీ దగ్గర జర్మనీ అంతటా స్థానిక, ప్రాంతీయ రవాణాకు చెల్లే డాయిష్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాసు ఉన్నా అది మీకే తప్ప సైకిల్‌కు వర్తించదు కనుక సైకిల్ టికెట్ విడిగా కొనుక్కోవాలి. వేసవి శనివారాల్లో పొద్దెక్కేసరికి సైకిళ్లు పెట్టే చోటు నిండిపోతుంది, అందువల్ల తొలి రైళ్లలో ఒకటి పట్టుకోవడం మేలు.

మొదటి రోజు వారెన్‌లో దిగి ఫెడెరో, ష్పెక్, బోక్ అనే మూడు చిన్న ఊళ్ల మీదుగా వెళ్లి, మ్యూరిట్జ్ సరస్సు తూర్పు ఒడ్డు వెంట వారెన్‌కే తిరిగి రండి. మొత్తం సుమారు 45 నుంచి 50 కిలోమీటర్లు అవుతుంది. ఇదంతా 1990లో ఏర్పడిన మ్యూరిట్జ్ జాతీయ ఉద్యానంలోని దారి. 322 చదరపు కిలోమీటర్ల ఆ ఉద్యానంలో గుర్తులు పెట్టిన బాటల మీద మాత్రమే సైకిల్ తొక్కనిస్తారు. ఫెడెరో దాటాక ఒకసారి ఆగి హైటెన్షన్ తీగల టవర్ల కొసలు చూడండి. ఆస్ప్రే అనే చేపల డేగలు అడవి నిండా చెట్లున్నా వాటిని వదిలి ఆ ఇనుప టవర్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. చుట్టూ అడ్డు లేకుండా కనబడే ఎత్తైన చోటు వాటికి కావాలి, అది ఇనుముదైనా కర్రదైనా వాటికి పట్టింపు లేదు.

రెండో రోజు వారెన్ నుంచి ఆంకెర్స్‌హాగెన్, క్రాట్సెబర్గ్ మీదుగా నోయ్‌స్ట్రెలిట్స్ చేరి అక్కడ రైలెక్కండి. ట్రాయ్ నగరాన్ని తవ్విన హైన్‌రిఖ్ ష్లీమన్ బాల్యం గడిచిన ఊరు ఆంకెర్స్‌హాగెన్, ఆయన పేరిట అక్కడ మ్యూజియం కూడా ఉంది. బెర్లిన్‌లో మీరు చూసే హావెల్ నది పుట్టిల్లు ఆ ఊరి పక్కనే. మధ్యలో ఓపిక తగ్గితే క్రాట్సెబర్గ్‌లోనూ రైలు స్టేషన్ ఉంది, అయితే అక్కడ ఆగే రైళ్ల వేళలు ముందే చూసి పెట్టుకోవాలి.

మ్యూరిట్జ్ సరస్సు చుట్టూ తిరిగి రావాలన్న కోరిక మీకు తప్పకుండా కలుగుతుంది. పూర్తిగా జర్మనీలోనే ఉన్న సరస్సుల్లో అది అతి పెద్దది, విస్తీర్ణం సుమారు 117 చదరపు కిలోమీటర్లు. దాని పేరే ‘చిన్న సముద్రం’ అనే అర్థమున్న పాత స్లావ్ మాట నుంచి వచ్చింది. చుట్టు దారి 80 కిలోమీటర్లు దాటుతుంది. ఇంకో రెండు నెలలు అలవాటు పడ్డాక ఆ పని పెట్టుకోండి, అప్పుడు వారెన్ నుంచి గడియారం ముల్లు తిరిగే దిశలోనే బయలుదేరండి. ఆ ప్రాంతంలో గాలి ఎక్కువగా పడమర, నైరుతి దిక్కుల నుంచి వీస్తుంది. పొద్దున అడవి చాటున తూర్పు ఒడ్డు దిగి, సాయంత్రం బయలు పొలాల మధ్య ర్యోబెల్, క్లింక్ మీదుగా పైకి వచ్చేటప్పుడు ఆ గాలి మీ వీపును తోస్తుంది. ఎదురు దిశలో వెళ్లి మధ్యాహ్నమంతా గాలితో పోట్లాడినవాడి మాటగా దీన్ని తీసుకోండి.

ప్రశ్న: నా దగ్గర 35 మిల్లీమీటర్ల టైర్లున్న మామూలు హైబ్రిడ్ సైకిల్ ఉంది. దానితో సరిపెట్టుకోవచ్చా? – ఒక పాఠకురాలు, హాంబర్గ్

సమాధానం: బెర్లిన్–కోపెన్‌హేగన్ సైకిల్ మార్గం ఈ సీమ గుండానే సాగుతుంది. దాని గుర్తులు పట్టుకుని వెళ్లేటట్లయితే మీ సైకిల్ నిక్షేపంగా సరిపోతుంది. ఆ మార్గం వదిలి అడవి బాటల్లోకి దిగేటట్లయితే 45 మిల్లీమీటర్లకు తగ్గని టైర్లు వేసుకోవాలి.

నేను మొదటిసారి 38 మిల్లీమీటర్ల టైర్లతో, తారు రోడ్డుకు నింపినంత గాలితో వెళ్లాను. క్రాట్సెబర్గ్ దాటాక పైన్ ఆకులు రాలి గోధుమ రంగు తివాచీలా ఉన్న ఒక బాట బాగుందనిపించి అటు తిప్పాను. వంద గజాలు సాఫీగా సాగింది. ఆ తర్వాత ఆకుల కింద ఇసుక మొదలైంది. ముందు చక్రం పక్కకు జారి, రిమ్ము దాకా కూరుకుని ఆగిపోయింది, నేను మాత్రం ఆగలేదు. మన ఏటి ఇసుకలో ఎడ్ల బండి దిగబడితే ఎలా ఉంటుందో అలా, దాదాపు రెండు కిలోమీటర్లు సైకిల్‌ను నెట్టుకుంటూ నడిచాను. మరుసటి రోజు ఒక పెద్దాయన నా టైరును బొటనవేలితో నొక్కి చూసి, ఏమీ అనకుండా తానే సగం గాలి తీసేశారు. సైకిల్ వెంటనే దారికొచ్చింది.

సుమారు 70 కిలోల మనిషికి 45 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైరులో 30 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి చాలు, ఇసుక ఎక్కువగా ఉన్న రోజున ఇంకొంచెం తగ్గించవచ్చు. ఇసుక ఎదురైనప్పుడు బ్రేకు నొక్కకూడదు, హ్యాండిల్‌ను బిగించి పట్టుకోకూడదు, ఒంటి బరువును కాస్త వెనక్కి వేసి తేలిక గేరులో ఆగకుండా తొక్కుతూ పోవాలి. రాళ్లు పరిచిన పాత రోడ్ల పక్కన చాలాచోట్ల ఒక మట్టి పట్టీ ఉంటుంది. పొడి రోజుల్లో గుర్రపు బళ్లు నడవడానికి పూర్వం వదిలిన ఆ పట్టీ ఇప్పుడు సైకిళ్లకు వరమైంది. తూర్పు జర్మనీ నాటి సామూహిక వ్యవసాయ క్షేత్రాలకు వేసిన కాంక్రీటు పలకల దారులు ఇంకో రకం. వాటిలో రెండు పలకల వరుసల మధ్య ఉన్న గడ్డిలోకి చక్రం జారిందంటే పడక తప్పదు.

ప్రశ్న: మేము భార్యాభర్తలం, పన్నెండేళ్ల బాబుతో వెళ్లాలనుకుంటున్నాం. మేము శాకాహారులం. తిండి, నీళ్లు, రాత్రి బస ఎలా? అడవిలో గుడారం వేసుకోవచ్చా? – ఒక కుటుంబం, ఫ్రాంక్‌ఫర్ట్

సమాధానం: అడవిలో ఎక్కడ పడితే అక్కడ గుడారం వేయడం నిషిద్ధం. సరస్సుల ఒడ్డున క్యాంపింగ్ స్థలాలు చాలా ఉన్నాయి, జులై, ఆగస్టు నెలల్లో అయితే ముందే చోటు ఖాయం చేసుకోవాలి. ఎండలు ముదిరి కార్చిచ్చు హెచ్చరిక పై స్థాయికి చేరిన రోజుల్లో అడవి బాటలు మూసివేసే అవకాశమూ ఉంటుంది.

తిండి విషయంలో పెద్దగా ఆశలు పెట్టుకోవద్దు. ఆ సీమ ప్రత్యేకత సరస్సు చేపను పొగబెట్టి రొట్టెలో పెట్టి ఇవ్వడం, కాబట్టి శాకాహారికి చాలాచోట్ల మిగిలేది రొట్టె, చీజు, బంగాళాదుంపలే. చిన్న ఊళ్లలో దుకాణమే ఉండదు. పులిహోరో, చపాతీలో కట్టుకుని వెళ్లడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నీళ్ల కోసం స్థానిక సైకిలిస్టులు ఊరి శ్మశానవాటికకు వెళతారు. సమాధుల మీది పూల మొక్కలకు నీళ్లు పోసేందుకు అక్కడ కొళాయిలు ఉంటాయి. శ్మశానం గడప తొక్కి నీళ్లు పట్టుకోవడం మనకు మొదట్లో మనస్కరించదు, మండుటెండలో మూడో ఊరు దాటేసరికి ఆ పట్టింపు దానంతట అదే పోతుంది. ‘తాగునీరు కాదు’ అని జర్మన్‌లో బోర్డు ఉంటే మాత్రం పట్టవద్దు.

బాబుకు నచ్చేది ఫెల్డ్‌బర్గ్. అక్కడ ష్మాలర్ లుట్సిన్ అనే సన్నని, లోతైన సరస్సును దాటించే చిన్న పడవకు ఇంజను లేదు. పడవ మనిషి చేత్తో తిప్పుతుంటే తాడు వెంట అది మెల్లగా అవతలి ఒడ్డుకు చేరుతుంది. చుట్టూ ‘బీచ్’ అనే జాతి చెట్ల అడవి, రెండు ఒడ్డులూ నిటారుగా ఉంటాయి కాబట్టి సామాను తేలిగ్గా ఉండాలి. రోజుకు 30 కిలోమీటర్లకు మించి పెట్టుకోకండి. సాయంత్రం ముగ్గురూ మోకాళ్ల వెనక, చంకల్లో నల్లుల వంటి అడవి పురుగులు పట్టాయేమో చూసుకోండి. ‘టిక్’ అనే ఆ పురుగు కాటు వల్ల లైమ్ వ్యాధి రావచ్చు, ఎంత తొందరగా తీసేస్తే అంత మంచిది.

ప్రశ్న: ఏ నెల మంచిది? – ఒక పాఠకుడు, మ్యూనిక్

సమాధానం: మే చివర, లేదా సెప్టెంబరు. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది, దోమలూ ఉంటాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వేల సంఖ్యలో క్రౌంచ పక్షులు దక్షిణానికి వెళుతూ ఫెడెరో దగ్గరి రెడెరాంగ్ సరస్సులో రాత్రి మజిలీ చేస్తాయి. సాయంత్రం వేళ అటు వెళ్లాలంటే ఉద్యానం వారి మార్గదర్శితోనే వెళ్లాలి.

ప్రశ్న: మీరు వర్ణించిన అడవీ నీళ్లూ మా పాకాల, రామప్ప, లక్నవరంలో లేవా? గ్రావెల్ సైకిల్‌తో ఇక్కడ తిరగలేమా? – ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: ఉన్నాయి. అక్కడి సరస్సులను మంచు తవ్వితే, మీ చెరువులను 13వ శతాబ్దంలో కాకతీయుల కాలంలో గుట్టల నడుమ కట్టలు వేసి మనుషులే నిలిపారు. అయితే పాకాల వన్యప్రాణుల అభయారణ్యం, అందుచేత చెరువు దాకా వేసిన రోడ్డు వదిలి లోపలి బాటల్లోకి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాలి. ఆ అడవుల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, అందువల్ల చీకటి పడకముందే బయటికి వచ్చేయాలి. ఆరంభానికి రామప్ప మేలు. గుడి చూసుకుని, చెరువు కట్ట ఎక్కి, ఆయకట్టు పొలాల మధ్య మట్టి బాటల్లో ఒక పూట తిరగవచ్చు. వానలు వెనకబట్టి బురద గట్టిపడ్డాక, నవంబరు నుంచి జనవరి లోపల వెళ్లండి. మెక్లెన్‌బర్గ్‌లో నాకు ఒక్క పంక్చరూ కాలేదు గానీ, మన డొంకదారుల్లో పల్లేరు కాయలు ఒక్క మలుపులోనే రెండు టైర్లనూ జల్లెడ చేయగలవు. టైర్లలో చిల్లులను లోపలి నుంచే పూడ్చే సీలెంట్ ద్రవం నింపకుండా మాత్రం బయలుదేరవద్దు.