వరుస పెట్టడం వచ్చింది, కారణం చెప్పడం రావడం లేదు

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్ళు. మూడేళ్ళుగా గుర్రపుస్వారీ నేర్చుకుంటూ, కిందటేడు ఫోర్-హెచ్ అనే అమెరికా యువజన సంస్థ నడిపే గుర్రాల జడ్జింగ్ బృందంలో చేరింది. నాలుగు గుర్రాలను చూసి వరుస పెట్టమంటే 50కి 45 దాకా తెచ్చుకుంటోంది. ఆ వరుస ఎందుకు పెట్టిందో జడ్జి ఎదుట నిలబడి చెప్పాల్సిన భాగంలో మాత్రం 30 దాటడం లేదు. తనకు సభాపిరికితనం ఉందేమో, ఉపన్యాస శిక్షణ ఇప్పించాలా? ఈ రంగంలో జీవనోపాధి దొరుకుతుందా? గుర్రాల గురించి నాకేమీ తెలియదు.

జవాబు: అమ్మా, ఈ 45ను, 30ను పక్కపక్కన పెట్టి చూసిన తల్లిదండ్రుల్లో చాలామంది మీలాగే ‘కన్ను బాగానే ఉంది, నోరే తిరగడం లేదు’ అనుకుంటారు. ఉపన్యాస శిక్షణకు డబ్బు కట్టే ముందు, ఆ 45 ఎలా వస్తుందో ఒకసారి కాగితం మీద లెక్క వేసి చూడండి.

ఈ పోటీల్లో ఒక్కో క్లాసుకు, అంటే ఒక్కో పోటీ విభాగానికి, నాలుగు గుర్రాలను తెస్తారు. నాలుగింటిని 24 రకాలుగా వరుస పెట్టవచ్చు. అధికారిక వరుసను నిర్ణయించే అనుభవజ్ఞులు, ఆ వరుసలో పక్కపక్కన వచ్చిన ప్రతి జత మధ్య తేడా ఎంతో ఒక అంకె వేసి చెబుతారు. దాన్ని కట్ అంటారు. తేడా కొట్టొచ్చినట్లు కనిపిస్తే కట్ పెద్దది, తేల్చుకోవడం కష్టమైతే చిన్నది. అధికారిక వరుస 3-1-4-2 అనీ, కట్లు వరుసగా 3, 6, 2 అనీ అనుకుందాం. మీ అమ్మాయి 1-3-2-4 అని రాసి ఇస్తే, మొదటి జత తారుమారైనందుకు 3 మార్కులు, చివరి జత తారుమారైనందుకు 2 మార్కులు పోయి, 50కి సరిగ్గా 45 వస్తాయి. అంటే పక్కపక్క జతల మీద తీసుకోవాల్సిన మూడు నిర్ణయాల్లో రెండు తప్పినా, అందరికీ కనిపించే మధ్య తేడాను పట్టుకున్నందుకు 45 వచ్చిందన్నమాట. వరుసను పూర్తిగా తలకిందులు చేసి 2-4-1-3 అని రాసినా 11 మార్కులు మిగులుతాయి. వరుసకు మార్కులు వేసే పద్ధతిలో అంత ఉదారత ఉంది.

కారణాల దగ్గర ఆ ఉదారత లేదు. మీ అమ్మాయికి మొదటి జతలోనూ చివరి జతలోనూ తేడా స్పష్టంగా కనిపించకుండానే ఏదో ఒక వరుస రాసేసి, తరువాత గదిలోకి వెళ్ళి రెండు నిమిషాల పాటు ఆ వరుసను సమర్థించుకోవాల్సి వస్తోందని నా అనుమానం. కనిపించని దాన్ని వర్ణించాలంటే ఎవరికైనా గొంతు తడబడుతుంది. దాన్ని సభాపిరికితనం అనుకోవడం సహజమే గాని, మందు వేయాల్సిన చోటు వేరు.

అందువల్ల ముందుగా ఆమె గుర్రాన్ని ఏ క్రమంలో చూస్తోందో అడగండి. గుర్రాన్ని నిలబెట్టి శరీర నిర్మాణాన్ని పరీక్షించే హాల్టర్ క్లాసులో చాలామంది పిల్లలు నేరుగా దగ్గరికి వెళ్ళి ముఖం చూస్తారు, లేదా రంగుకు మురిసిపోతారు. ముందు దూరంగా, పక్క నుంచి చూడాలి. భుజం, నడుము, తుంటి మూడూ దాదాపు సమానమైన భాగాలుగా కనిపిస్తున్నాయా, పైన వీపు పొట్టిగానూ కింద పొట్ట గీత పొడవుగానూ ఉన్నాయా అన్నది మొదటి ప్రశ్న. దీన్నే సమతూకం అంటారు, మిగతావన్నీ దీని తరువాతే. భుజం 45 నుంచి 50 డిగ్రీల దగ్గర వాలి ఉంటే అడుగు బారుగా సాగుతుంది. భుజం నిటారుగా ఉన్న గుర్రానికి మెడ పైభాగం పొట్టిగానూ వీపు పొడవుగానూ కనిపించడం, అడుగు కురచగా పడటం తరచుగా కలిసే వస్తాయి. ఒక ఎముక వాలును చూసి ఇన్ని విషయాలు చెప్పగలిగిన పిల్లకు రెండు నిమిషాలు చాలవు.

తరువాత ముందు నుంచి, వెనుక నుంచి కాళ్ళు చూడాలి. భుజం మొన దగ్గర గుండు కట్టిన దారాన్ని వేలాడదీసినట్లు ఊహించుకుంటే, అది మోకాలిని, దాని కింది ఎముకను, గిట్టను నిలువునా రెండు సగాలు చేయాలి. పక్క నుంచి చూసినప్పుడు పిరుదు చివర నుంచి దిగిన దారం వెనుకకాలి పెద్ద కీలు, అంటే హాక్, వెనుక భాగాన్ని తాకుతూ నేలకు చేరాలి. అన్ని లోపాలూ ఒకే బరువు తూగవు. మోకాలు వెనక్కి ఒరిగి ఉండటం, ముందుకు వంగి ఉండటం కన్నా పెద్ద లోపం, ఎందుకంటే పరుగులో ఆ కీలు ముందువైపు చిన్న ఎముకలు నలిగిపోతాయి. ఏ లోపం గుర్రం పనికి అడ్డం వస్తుందో, ఏది కంటికి మాత్రమే ఇబ్బందో తెలిసినప్పుడు వరుస దానంతటదే తేలుతుంది. ఆఖరున నడిపించి చూడాలి; నిలబడి ఉన్నప్పుడు దాచుకున్న లోపాన్ని గుర్రం నడకలో బయటపెడుతుంది.

ఇప్పుడు చెప్పడం గురించి. ఒక విద్యార్థిని చెప్పిన కారణాన్ని ఉదాహరణగా తీసుకుందాం: ‘3 చాలా బాగుంది, సమతూకంగా ఉంది. 1 కూడా బాగానే ఉంది కానీ 3 అంత కాదు.’ ఇందులో తప్పు ఏమీ లేదు, సమాచారం కూడా ఏమీ లేదు. ఏ క్లాసుకైనా, ఏ రెండు గుర్రాలకైనా ఇవే మాటలు అతుకుతాయి. అదే జత గురించి ఇలా చెప్పారనుకోండి: ‘1 కన్నా 3ను ముందు ఉంచాను. 3 భుజం మరింత వాలుగా ఉండటం వల్ల మెడ వీపులోకి సాఫీగా కలిసింది, వీపు పొట్టిగా, నడుము బలంగా ఉంది. ముందు నుంచి చూసినప్పుడు దాని కాళ్ళు మరింత తిన్నగా దిగాయి. 1 తుంటిలోనూ తొడలోనూ కండ నిండుగా ఉందని ఒప్పుకుంటున్నాను. అయితే దాని ముందుకాలి కింది ఎముక మోకాలికి మధ్యగా కాకుండా బయటివైపుకు జరిగి ఉన్నందువల్ల దాన్ని రెండో స్థానంలో ఉంచాను.’ ఆ గుర్రాలను చూడని మీకు కూడా రెండు వేర్వేరు జంతువులు కళ్ళ ముందు నిలిచాయి కదా?

ఈ చిన్న పేరాలో అన్నింటికన్నా విలువైనది ‘ఒప్పుకుంటున్నాను’ అన్న మాట. కింది స్థానంలో ఉంచిన గుర్రానికి పై దాని కన్నా మెరుగైన గుణం ఏదైనా ఉంటే దాన్ని గుర్తించి, అయినా అది ఎందుకు సరిపోలేదో చెప్పాలి. పిల్లలు దీన్ని తమ వాదనను బలహీనపరిచే మాటగా భావించి దాటేస్తారు. వినే జడ్జికి మాత్రం, ఈ పిల్ల రెండు గుర్రాలనూ నిజంగా చూసిందని రుజువయ్యేది అక్కడే. కట్ చిన్నదైన జతలో ఒప్పుకోలు లేకుండా కారణం చెబితే నమ్మబుద్ధి కాదు. ఇంకో సంగతి: చిన్న కట్ ఉన్న జతను తారుమారు చేసిన విద్యార్థి కూడా చూసింది చూసినట్లు చెప్పి, కారణాల్లో మంచి మార్కులు తెచ్చుకోవచ్చు. గుర్రంలో లేని లోపాన్ని ఉన్నట్లు చెబితే మాత్రం ఎంత ధారాళంగా మాట్లాడినా మార్కులు పోతాయి.

క్రమం సులువైనదే. క్లాసు పేరు, వరుస చెప్పి మొదలుపెట్టి, మొదటి జత, మధ్య జత, చివరి జతల గురించి వివరించి, ఆఖరి గుర్రం ఎందుకు అడుగున ఉందో చెప్పి ముగిస్తారు. ఎప్పుడూ పోలిక చెప్పాలి; ‘బాగుంది’ అనకుండా ‘దానికన్నా వాలుగా ఉంది, దానికన్నా తిన్నగా నడిచింది’ అనాలి. కొందరు శిక్షకులు అందమైన వాక్యాలను ముందే వల్లె వేయిస్తారు. ఆ వాక్యాలు రోజంతా ఒకే గదిలో కూర్చుని విన్న జడ్జికి మొదటి పలుకులోనే తెలిసిపోతాయి. గుర్తుపెట్టుకోవాల్సింది గుర్రాన్ని: రంగు, నుదుటి మచ్చ, తెల్లని కాలు ఎటువైపుది. ఆ బొమ్మ మనసులో ఉంటే మాటలు వెనకే వస్తాయి.

స్వారీ క్లాసుల్లో చెవి కూడా పనిచేయాలి. వెస్టర్న్ ప్లెజర్‌లో ఒక్కో అంగలో గిట్టల చప్పుడు నడకకు నాలుగు దెబ్బలు, జాగ్ అనే చిన్న పరుగుకు రెండు, లోప్ అనే నిదానపు దౌడుకు మూడు వినబడాలి. గుర్రాన్ని మరీ నెమ్మదింపజేస్తే లోప్ విరిగి నాలుగు దెబ్బలవుతుంది, అది లోపం. గట్టి నేల మీద గుర్రం వెళ్తుండగా మీ అమ్మాయిని కళ్ళు మూసుకుని దెబ్బలు లెక్కపెట్టమనండి. మెత్తని ఇసుకలో ఇది అంత బాగా కుదరదు. రైనింగ్‌లో , అంటే గుర్రం చేత వరుసగా విన్యాసాలు చేయించే పోటీలో, పద్ధతి వేరు: ప్రతి గుర్రమూ 70తో మొదలవుతుంది, ఒక్కో విన్యాసానికీ అర మార్కు చొప్పున, మైనస్ ఒకటిన్నర నుంచి ప్లస్ ఒకటిన్నర వరకు కలుపుతారు లేదా తీస్తారు, తప్పులకు విడిగా పెనాల్టీలుంటాయి. అక్కడ కారణం చెప్పడమంటే ఏ విన్యాసంలో ఏం జరిగిందో జ్ఞాపకం నుంచి తిరిగి నడిపించడమే. షోమన్‌షిప్‌లో గుర్రాన్ని కాక, దాన్ని చూపించే మనిషిని తూకం వేస్తారు. ఈక్విటేషన్‌లో రౌతు చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీతలో ఉన్నాయా అన్నది మొదట చూస్తారు.

జడ్జి మాటకు బరువెంతో మీ అమ్మాయికి తెలియాలంటే ఇంప్రెసివ్ అనే గుర్రం కథ చెప్పండి. 1969లో పుట్టిన ఈ క్వార్టర్ హార్స్ జాతి గుర్రం 1974లో హాల్టర్ ప్రపంచ విజేత అయింది. ఆ కండపుష్టినే జడ్జిలు ఏళ్ళ తరబడి పైన నిలబెట్టారు, పెంపకందారులు దాని సంతానాన్నే కోరుకున్నారు. ఆ వంశంతో పాటు హెచ్‌వైపీపీ అనే జన్యువ్యాధి కూడా వ్యాపించింది. రక్తంలో పొటాషియం పెరిగినప్పుడు కండరాలు వణికి, గుర్రం కూలబడిపోయే వ్యాధి అది. కారణమైన జన్యులోపాన్ని 1992లో గుర్తించారు. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ లోపం పొందిన పిల్లలను 2007 నుంచి అమెరికన్ క్వార్టర్ హార్స్ అసోసియేషన్ నమోదు చేసుకోవడం లేదు. బరిలో ఏ గుణానికి మొదటి స్థానం ఇస్తే పెంపకశాలలో అదే పెరుగుతుంది.

జీవనోపాధి సంగతి సూటిగా చెబుతాను. జడ్జింగ్ ఒక్కదాని మీదే బతికేవారు అరుదు. ఎక్కువమంది జడ్జిలు శిక్షకులుగానో, పెంపకందారులుగానో, అధ్యాపకులుగానో పనిచేస్తూ వారాంతాల్లో బరిలో నిలబడతారు. పైగా తమ దగ్గర శిక్షణ పొందే వారి గుర్రాలకు తాము తీర్పు చెప్పకూడదు కాబట్టి, రెండు ఆదాయాలూ ఒకదానికొకటి అడ్డం పడే సందర్భాలు కూడా ఉంటాయి. జడ్జి కార్డు, అంటే తీర్పు చెప్పడానికి సంఘం ఇచ్చే అనుమతి, చిన్న వయసులో వచ్చేది కాదు. బరిలో అనుభవం, అనుభవజ్ఞులైన జడ్జిల పక్కన నిలబడి నేర్చుకోవడం, పరీక్ష ఇవన్నీ ఉంటాయి. అమెరికాలో యూఎస్ఈఎఫ్ అనే గుర్రపుస్వారీ సమాఖ్య జడ్జిలకు ముందు చిన్న ‘ఆర్’ హోదా, తరువాత పెద్ద ‘ఆర్’ హోదా ఇస్తారు. క్వార్టర్ హార్స్ వంటి జాతి సంఘాలకు వేరే కార్డులున్నాయి.

అయితే ఈ చదువు వృథా కాదు. ఓక్లహామా స్టేట్, టెక్సాస్ ఏ అండ్ ఎం వంటి విశ్వవిద్యాలయాల్లో గుర్రాల జడ్జింగ్ బృందాలున్నాయి. పశుశాస్త్రం చదువుతూ వాటిలో చేరవచ్చు. గుర్రాన్ని చూసి లోపాన్ని పోలికతో చెప్పగలిగిన మనిషి పశువైద్యంలో కుంటుదనాన్ని పసిగట్టడానికీ, గిట్టల పనికీ, అమ్మకాలకు ముందు గుర్రాన్ని పరిశీలించడానికీ, పెంపకానికి జతలు ఎంచడానికీ పనికొస్తుంది. నా సలహా అడిగితే, జడ్జి కార్డును ముప్పై ఏళ్ళ వయసు దాటాక వచ్చే రెండో పనిగా మనసులో పెట్టుకుని, ఈ లోగా మొదటి పనిని చదువు ద్వారా సంపాదించుకోమంటాను.

ఉపన్యాస శిక్షణ ఇప్పుడే వద్దు. బదులుగా వారానికి రెండు సాయంత్రాలు మీరే ఎదురుగా కూర్చోండి. గుర్రాల గురించి మీకు ఏమీ తెలియకపోవడం ఇక్కడ పెద్ద ఉపకారం. ఆమె ఆ వారం చూసిన ఒక్క జత గురించి చెప్పమని, చేతిలో కాగితం లేకుండా మాట్లాడనివ్వండి. ‘సమతూకంగా ఉంది’ అనగానే ఆపి, ‘ఎక్కడ చూశావు?’ అని అడగండి. ఆమె చెబుతున్న కొద్దీ మీరు కాగితం మీద రెండు గుర్రాల గీతలు గీస్తూ పోండి. బొమ్మ ఎంత వికారంగా వచ్చినా ఫరవాలేదు. రెండు బొమ్మలూ ఒకేలా వచ్చాయంటే, ఆ శనివారం మళ్ళీ గుర్రపుశాలకు తీసుకెళ్ళి ఆ రెండింటినే పక్క నుంచి చూడమనండి.