స్నేహితులు కలిసి వెళ్లే ప్రయాణం: యాప్ రూపకర్తల సందేహాలు

ప్రశ్న: స్నేహితులు కలిసి చేసే ప్రయాణాలకు ఉపయోగపడే యాప్‌ను మేము ముగ్గురం రూపొందిస్తున్నాం. టికెట్లు, గదులు, చూడవలసిన ప్రదేశాలు అన్నీ ఒకేచోట కనిపించేలా చేశాం. అయినా ప్రతి జట్టులోనూ ఒక్కరే వివరాలన్నీ నింపుతున్నారు. మిగిలినవారు ఒకసారి తెరిచి చూసి ఊరుకుంటున్నారు. లోపం ఎక్కడుందంటారు?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి, ఒక్కరు వాడుకునే ప్రణాళికనే మీరు నలుగురికీ కనిపించేలా చేశారు, నలుగురూ కలిసి నిర్ణయించుకునే వీలు మాత్రం అందులో కల్పించలేదు. 2006లో స్థాపించిన ట్రిప్‌ఇట్ అనే ప్రయాణ సేవ, బుకింగ్ ఖరారైనట్టు అందిన ఈమెయిళ్లను పంపితే చాలు, వాటి నుంచి తేదీలవారీ ప్రయాణ వివరాలను పేర్చి ఇచ్చేది. అది మంచి సదుపాయమే కానీ, బుకింగ్ పూర్తయ్యాక పనికివచ్చేది. స్నేహితుల ప్రయాణాలు ఎక్కువగా ఆగిపోయేది 'వెళ్దాం' అనుకున్న రోజుకూ మొదటి టికెట్ కొన్న రోజుకూ మధ్యనే. మీ శ్రమలో అధికభాగం అక్కడ పెట్టండి.

ఆ దశలో అసలు చిక్కు మొహమాటం. జెర్రీ హార్వే అనే మేనేజ్‌మెంట్ నిపుణుడు 1974లో రాసిన వ్యాసంలో తన ఇంటి అనుభవం ఒకటి చెప్పారు. టెక్సస్‌లో మండుటెండలో, ఏసీ లేని కారులో, ఇంటిల్లిపాదీ ఎబిలీన్ అనే ఊరికి భోజనానికి వెళ్లి, అలసి తిరిగివచ్చాక చూస్తే, వెళ్లాలని నిజంగా ఏ ఒక్కరూ కోరుకోలేదని తేలింది; ఎదుటివారికి ఇష్టమేమోనని ప్రతివారూ సరేనన్నారు. స్నేహితుల మధ్య ఇదే జరుగుతుంది, అందులోనూ డబ్బు దగ్గర మరీ ఎక్కువగా.

కాబట్టి ఎవరు ఎంతవరకు ఖర్చు పెట్టగలరో ఎవరికి వారు రహస్యంగా నమోదు చేసే వీలుండాలి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. గదుల జాబితా అందరూ చూసిన తర్వాత అందులోంచి ఖరీదైనవి మాయమైతే, అడ్డుపడినది ఎవరో ముగ్గురు నలుగురున్న జట్టులో ఇట్టే ఊహించగలరు. అందుకే ఆ పరిమితులన్నీ తీసుకున్న తర్వాతే జాబితాను మొదటిసారి చూపాలి. జట్టులో అందరికంటే తక్కువగా నమోదైన పరిమితిని అంకెగా ఎక్కడా చూపకూడదు.

ఓటింగ్ విషయంలోనూ తొందరపడకండి. ముగ్గురిలో ఒకరు సముద్రం, కొండ, అడవి అన్న వరసలోనూ, రెండోవారు కొండ, అడవి, సముద్రం అనీ, మూడోవారు అడవి, సముద్రం, కొండ అనీ కోరుకున్నారనుకోండి. రెండేసి చొప్పున పోల్చితే సముద్రం కొండను, కొండ అడవిని, అడవి సముద్రాన్ని ఓడిస్తాయి. ఎంతసేపు ఓటు వేయించినా విజేత తేలదు. ఫ్రెంచి మేధావి కాండొర్సే 1785లోనే ఈ వైరుధ్యాన్ని చూపించాడు. ఒక్కదాన్నే ఎంచుకోమనడం కంటే, తమకు సమ్మతమైనవన్నీ గుర్తించమనడం, దానితోపాటు 'ఇది నా వల్ల కాదు' అని పేరు బయటపడకుండా చెప్పే వీలు ఇవ్వడం మేలని నా అభిప్రాయం. ప్రతి ప్రశ్నకూ గడువు పెట్టండి. గడువులోగా జవాబు రాకపోతే ఏమవుతుందో ముందే తెలియజేయండి. డబ్బు కట్టవలసిన చోట మాత్రం మౌనాన్ని అంగీకారంగా ఎన్నడూ లెక్కించవద్దు.

ఒక్కరి మీదే భారం పడడానికి మరో కారణం, ఏ పని ఎవరిదో పేరు రాసి లేకపోవడం. గదుల బాధ్యత ఒకరిది, రాకపోకలది మరొకరిది అని యాప్‌లోనే నమోదైతే, గుర్తుచేసే సందేశం యాప్ నుంచి వెళ్తుంది. స్నేహితుణ్ణి స్నేహితుడే వెంటపడి అడగవలసిన అవస్థ తప్పుతుంది.

ప్రశ్న: ప్రయాణం ముగిశాక ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో లెక్క కట్టే భాగం ఎలా ఉండాలి?

జవాబు: ఎంతమంది ఉన్నా, అందులో ఒకటి తక్కువ చెల్లింపులతో లెక్క తేలిపోతుంది, ఆరుగురికి ఐదు చెల్లింపులు చాలు. అయితే అలా కుదించినప్పుడు, తాను అప్పుపడని వ్యక్తికి డబ్బు పంపవలసి రావచ్చు. అది కొందరికి అయోమయంగా, మరికొందరికి అన్యాయంగా తోస్తుంది. కనుక కుదింపును జట్టు ఇష్టానికే వదిలి, ప్రతి మొత్తం పక్కనా దానికి మూలమైన ఖర్చులను చూసుకునే వీలు ఉంచండి. ఒకరోజు ఆలస్యంగా వచ్చి కలిసినవారిని ఆ రోజు ఖర్చు నుంచి తప్పించడం ఒక్క నొక్కుతో అయిపోవాలి.