చలిమంట ఆర్పేశాం అనుకుని పడుకున్న రాత్రి

అడిగిన ప్రశ్న: "జీపులు వేసుకుని తిరుపతి చుట్టుపక్కల అడవి దారుల్లోకి పోతున్నాం. రాత్రికి క్యాంప్‌ఫైర్ వేసుకోవచ్చా, రూల్స్ ఏంటి, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?"

రూల్స్ రెండు ముక్కల్లో అయిపోతాయి కాబట్టి ముందు అవే చెప్పేస్తా. రిజర్వ్ ఫారెస్ట్‌లో వద్దు. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం అక్కడ నిప్పు పెట్టడం నేరం, శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్క్ పరిధిలోకి వచ్చారంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా తగులుకుంటుంది. అసలు పర్మిషన్ లేకుండా రాత్రిపూట లోపల ఉంటేనే తప్పు, అందులోనూ ఇది ఎర్రచందనం అడవి, చీకట్లో రెండు జీపులు కనిపించాయంటే మీరు మంట వేశారా లేదా అన్నది చివరి ప్రశ్న అవుతుంది. కాబట్టి మీకు మిగిలింది అడవి అంచున ఉండే పట్టా భూములు, తెలిసినవాళ్ల తోపులు. అక్కడైతే ఏమీ కాదులే అనుకుంటారు. మేమూ అట్లే అనుకున్నాం.

భాకరాపేట దాటి తలకోన వైపు పోతే మా ఫ్రెండ్ వాళ్ల నాన్నకు మామిడి తోపు ఉంది. తోపు చివర ఒక వంక, అంటే చిన్న వాగు, వంక దాటితే ఫారెస్టే. కొన్నేళ్ల కిందట శివరాత్రి అయిపోయిన వారం ఐదుగురం రెండు బండ్లలో పోయాం. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దోళ్లు చెప్పిందే గదా, నిజంగానే ఆ రాత్రి చలి లేదు, బనియన్ల మీదే ఉన్నాం. అయినా మంట కావాలి, ఎందుకంటే మంట లేకపోతే ఫోటో లేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, చెమట తుడుచుకుంటూ చలిమంట చుట్టూ కూర్చున్నాం.

మేమేమీ బుద్ధిలేనివాళ్లం కాదు, అదీ చెప్పాలి. తోపులో ఆకులున్నాయని వంకలోకి దిగి ఇసకలో వేశాం. చుట్టూ రాళ్లు పేర్చాం. పైన కొమ్మలు లేని తావు చూసుకున్నాం. నెట్‌లో చెప్పే జాగ్రత్తలన్నీ పాటించినట్టే. ఆ రాళ్లు వంకలోవే, అడుగున ఇంకా తేమ ఉంది. రాత్రి తొమ్మిదికి ఒక రాయి టపాసు పేలినట్టు పేలి, ఒక పెచ్చు వచ్చి సంగటి గిన్నె మూతకు ఠంగుమని తగిలింది. అదే మొహానికి తగిలుంటే కన్ను పోయేది. మేం మాత్రం పగలబడి నవ్వి, ఇంకోసారి పేలుతుందేమోనని ఒకడు ఫోన్ పట్టుకుని వీడియోకి కూర్చున్నాడు. వాగు రాళ్లలో దూరిన నీళ్లు ఆవిరై బయటికి రావడానికి దారి లేక రాయిని పగలగొడతాయని తర్వాత తెలిసింది.

పన్నెండున్నరకు పడుకుందామని లేచాం. ఇరవై లీటర్ల క్యాన్లు రెండు తెచ్చుకుంటే ఒకటి వంటకే అయిపోయింది, రెండోది పొద్దున్నే మొహాలకీ కాఫీకీ కావాలి. మంట మీద నీళ్లు పోద్దామని నేనన్నా (ఈ మాట నేను అన్నానని మావాళ్లు ఇప్పటికీ ఒప్పుకోరు). "గమ్మునుండు మామా, ఇంత ఇసక పెట్టుకుని నీళ్లెందుకు" అని ఇంకొకడు కాళ్లతో ఇసక తోసేశాడు. ఒక్క నిప్పు కణం కనపడకుండా చక్కగా కప్పేశాం. పైన చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉంది, అంతే.

నివురుగప్పిన నిప్పు అని చిన్నప్పుడు సొంతవాక్యాల్లో రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లోడిని నేను. ఆ మాటకు అర్థం ఆ రాత్రి ఇసక కింద ఉంది.

పొద్దున ఐదుకు వాసనకు మెలకువ వచ్చింది. కట్టెల మంట వాసన కాదు, ఊరి పక్కన చెత్త కాలుతుంటే వస్తుందే, ఆ కమురు వాసన. మేం వేసిన మంట దగ్గర ఏమీ లేదు, పొగ కూడా లేదు. దానికి మూడడుగుల అవతల వంక గట్టులోంచి, ఎప్పుడో కొట్టేసిన చెట్టు మొద్దు పక్కనుంచి, అగరొత్తి పొగలాగా సన్నగా ఒక తీగ పైకి పోతోంది. ఇసక కింద ఆ మొద్దు తాలూకు ఎండు వేరు ఉంది. మేం సరిగ్గా దాని మీదే మంట వేసుకున్నాం. ఇసక కప్పేసరికి గాలి తగ్గి మంట పోయింది గానీ వేడి పోలేదు, ఆ వేరు పట్టుకుని రాత్రంతా లోపల్లోపలే నడిచి గట్టు ఎక్కింది. గట్టు మీద ఎండాకులు. ఆ ఏడు తోపు దున్నలేదట, చెట్ల కింద మోకాలి లోతున మామిడాకులే. మేం చూసేటప్పటికి మంచమంత మేర నల్లగా అయిపోయి, అంచున జానెడు మంట చిటపటమంటూ తోపులోకి జరుగుతోంది.

ఐదుగురం ఏం చేశామో చెప్తే సిగ్గు. ఒకడు లీటర్ బాటిల్ తెచ్చి పోశాడు, ఇంకొకడు దుప్పటితో విసిరి విసిరి కొట్టాడు, ఆ విసురుకు నిప్పులెగిరి రెండు చోట్ల కొత్తగా అంటుకుంది. మూడోవాడు 101కి ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. అప్పుడు వంక అవతల నుంచి మేకలాయన వచ్చాడు. అరవై దాటిన మనిషి. ఏమీ అనకుండా నడుముకున్న కొడవలి తీసి వంకలో ఉన్న కానుగ చెట్టు నుంచి నాలుగు మండలు నరికి మా చేతుల్లో పెట్టాడు. "ఎత్తి కొట్టబాకండప్పా, అదిమి లోపలికి లాగండి" అన్నాడు. అంటే మంట మీద మండను వత్తి పెట్టి కాలిపోయిన నలుపు వైపుకు ఈడ్చాలి, పైకెత్తి బాదకూడదు. తను మాత్రం మంటకు పది అడుగుల ముందు నిలబడి కాలితో, కొమ్మతో ఆకులన్నీ పక్కకు నెట్టి మన్ను కనపడేలా ఒక బాట చేసేశాడు. మంట అక్కడిదాకా వచ్చి తినేదానికి ఏమీ లేక ఆగిపోయింది. మొత్తం ఇరవై నిమిషాలు. గాలి లేదు, ఆకుల మీద రాత్రి మంచు చెమ్మ ఉంది కాబట్టి సరిపోయింది. అదే మధ్యాహ్నం రెండింటికి అయ్యుంటే వంక దాటి కొండ ఎక్కేది, ఈ జవాబు నేను ఏ స్టేషన్లోనో కూర్చుని రాస్తుండేవాణ్ని.

అయిపోయింది, కాఫీ పెట్టుకుందాం అనుకుంటే ఆయన వదల్లేదు. పార ఉందా అన్నాడు. లేదు. ఒక బండికి ముందు ఎల్‌ఈడీ లైట్ల బార్ ఉంది, పైన టెంట్ ఉంది, లోపల చిన్న ఫ్రిజ్ ఉంది, బురదలో దిగబడితే లాగే వించ్ ఉంది, పార లేదు. తోపు షెడ్డు నుంచి తెచ్చాం. ఆ వేరు వెంబడి తవ్వుకుంటూ పోతుంటే లోపల ఎర్రగా, సిగరెట్ కొనలాగా కనిపిస్తూనే ఉంది. తవ్వడం, నీళ్లు పోయడం, బురదలాగా కలపడం, మళ్లీ చేతి వెనక భాగం పెట్టి చూడటం. రెండు గంటలు పట్టింది. అప్పుడు అడిగాడాయన, "నిప్పును పూడ్చిపెట్టినారా? పూడ్చేది చచ్చినోళ్లనప్పా. నిప్పును ముందు చంపాల."

తోపులో రెండు చెట్లకు కింది కొమ్మలు మాడిపోయాయి, వాటి మీది పూత పోయింది. మా ఫ్రెండ్ వాళ్ల నాన్న వచ్చి చూసి, ఆ రెండు చెట్లకూ బోరు దగ్గర్నుంచి బిందెలతో నీళ్లు మోయించాడు మా చేత. పైపు ఉంది. అయినా బిందెలతోనే.

ఇక్కడ ఒకటి చెప్పుకోవాలి, మీరు అడగలేదు గానీ. మన దగ్గర అడవి అంటుకుంటే మొదట మేకలోళ్ల మీదకు పోతుంది మాట, కొత్త గడ్డి కోసం వాళ్లే తగలబెడతారని. కొందరు పెడతారేమో, నేను కాదనను. కానీ నేను కళ్లారా చూసిన ఒకే ఒక్క మంటను పెట్టింది టౌన్ నుంచి పోయిన డిగ్రీలోళ్లం ఐదుగురం, ఆర్పింది మేకలాయన. పిడుగు పడి అంటుకున్న మంటను మాత్రం నేను ఇంతవరకు చూడలేదు, శేషాచలంలో మంటలన్నీ మనుషులవే అని నా గట్టి నమ్మకం. 2014 మార్చిలో తిరుమల కొండలు తగలబడినప్పుడు హెలికాప్టర్లతో నీళ్లు తెచ్చి పోయాల్సి వచ్చింది, తిరుపతోళ్లు ఎవరినడిగినా చెప్తారు. 2018 మార్చి 11న తమిళనాడులో తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెకింగ్‌కు పోయినవాళ్లు కార్చిచ్చులో చిక్కుకుని ఇరవై మందికి పైగా చనిపోయారు. కొండ మీద మంట పైకి ఎక్కేటప్పుడు పరిగెడుతుంది, కిందికి దిగేటప్పుడు నడుస్తుంది. కాబట్టి కింద పొగ కనిపిస్తే కొండెక్కి తప్పించుకుందాం అనుకోకండి, పక్కకు పోండి, కాలిపోయిన నేలో బండరాతి తావో ఉంటే అక్కడికి పోండి.

ఆఫ్‌రోడ్ అన్నారు కాబట్టి ఇంకో సంగతి. మంట వేయకపోయినా మీ బండే మంట. 2020 తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ బండ్లలో సైలెన్సర్ దారిలో ఒక ఫిల్టర్ ఉంటుంది, అందులో పేరుకున్న మసిని బండి తనంతట తానే 600 డిగ్రీల దగ్గర కాల్చుకుంటుంది. ఆ టైములో మీరు నడుమెత్తు బోదగడ్డిలో బండి ఆపి ఫోటోలు దిగుతుంటే కింద ఏం జరుగుతుందో మీకు తెలియదు. ఎండుగడ్డి మీద పార్క్ చేయొద్దని బండితో ఇచ్చే పుస్తకంలోనే రాసి ఉంటుంది, ఆ పుస్తకం మనం తెరిచేది టైర్‌లో గాలి ఎంతో చూడటానికే. మాకు ఇంకో ట్రిప్‌లో గడ్డి చుట్టుకుని సైలెన్సర్ దగ్గర పొగ వచ్చింది, కట్టెపుల్లతో లాగేశాం. అప్పటి నుంచి గడ్డిలో నడిపాక ప్రతిసారీ వంగి కింద చూస్తాం. నడుములు నొప్పి, కానీ చూస్తాం. మంటలార్పే డ్రై పౌడర్ సిలిండర్ ఒకటి డ్రైవర్ సీటు పక్కన ఉంచుకోండి, డిక్కీలో లగేజీ కింద కాదు.

అంటుకున్నాక ఎవరికీ తెలియదులే అనుకోవద్దు కూడా. అడవిలో మంటను ఉపగ్రహాలు పట్టుకుంటాయి, ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు దాన్ని సిబ్బంది ఫోన్లకు మెసేజ్‌గా పంపిస్తారు. మీ ఫోన్ల టవర్ లొకేషన్ కనుక్కోవడం ఆ తర్వాత పెద్ద పని కాదు.

మరి వేసుకోవచ్చా అంటే, ఫిబ్రవరి నుంచి తొలకరి దాకా నేనైతే ఎవరి తోపులోనైనా సరే వద్దంటా. ఆ నెలల్లో మనకు చలే ఉండదు, వంటకు గ్యాస్ స్టవ్ చాలు. మంట లేని రాత్రి వంక గట్టు మీద కూర్చుంటే పది నిమిషాలకు కళ్లు అలవాటుపడి కొండ అంచు కనిపిస్తుంది, దూరంగా దుప్పి అరిస్తే వినిపిస్తుంది. మంట ముందు కూర్చుంటే మంటా, పక్కనోడి సెల్ ఫోనూ, బ్లూటూత్ స్పీకరూ. ఆ స్పీకర్ల గురించి మొదలుపెడితే ఇంకో జవాబు అవుతుంది, వదిలేస్తున్నా.

ఇంట్లో గ్యాస్ ఆపామా లేదా అని గేటు దాకా పోయి వెనక్కి వచ్చి చూసేవాళ్లే తోపుల్లో మంటను కాళ్లతో తోసేసి పడుకుంటారు, అదే నాకు అర్థం కాదు.

లేదు, కోడి కాల్చుకోవాల్సిందే అంటే కాళ్లున్న ఇనుప స్టాండ్ పెట్టుకోండి, నేల మీద వద్దు. బొగ్గు అయిపోయాక బూడిదతో సహా నీళ్లలో ముంచండి, కలపండి, ఇంకా నీళ్లు పోయండి. ఆ నీళ్లు ముందే ఒక క్యాన్‌లో పక్కన పెట్టి, దాన్ని కాఫీకి ముట్టుకోనని అందరితో ఒట్టు వేయించుకోండి. మేమైతే ఆ తడి బూడిదను మూతున్న పాత పాల క్యాన్‌లో పోసుకుని తిరుపతికి తెచ్చేస్తాం. ఒకసారి ఘాట్‌లో మూత ఊడింది. ఆ డిక్కీ వాసన నాలుగుసార్లు కడిగించినా ఇంకా పోలేదు, మా ఆవిడ ఆ బండి ఎక్కనంటోంది.