అమ్మాయిలను క్యాథలిక్ మఠజీవితం (సన్యాసిని జీవితం) వైపు ఒత్తిడి లేకుండా ప్రోత్సహించడం ఎలా?

ముందు ఆ జీవితాన్ని చూపించండి, ప్రసంగాలు తర్వాత. బడిలో, ఆసుపత్రిలో పనిచేసే సిస్టర్లు అందరికీ కనిపిస్తారు. కార్మెల్ సన్యాసినుల మఠం గోడల లోపల ప్రార్థనకే అంకితమైన ధ్యానజీవితం గడిపేవాళ్ల గురించి చాలామందికి ఉన్నది ఊహలే. వీలైతే మఠం అతిథిగృహంలో రెండు రోజులు ఉండనివ్వండి. తెల్లవారకముందే గంట, కీర్తనలు, ఆ తర్వాత మాటల్లేకుండా తోటపనో, చర్చిలో దివ్యపూజకు వాడే అప్పాల తయారీయో. అది చూశాక కొందరికి ఆసక్తి పెరుగుతుంది, కొందరికి ‘ఇది నాకు కాదు’ అని తేలిపోతుంది. రెండూ మంచివే.

మఠంలో చేరతానన్న మాట మాత్రం తొందరపడి తీసుకోవద్దు. 2018 నాటి వాటికన్ నియమావళి ‘కోర్ ఓరాన్స్’ ప్రకారం ధ్యాన మఠాల్లో తొలి శిక్షణే కనీసం 9 ఏళ్లు. అందులో 2 ఏళ్లు నోవిషియేట్ (వ్రతాలు తీసుకోవడానికి ముందు శిక్షణ), 5 ఏళ్లు తాత్కాలిక వ్రతాలు. శాశ్వత వ్రతాల దాకా వెనక్కి వచ్చే దారి ఉంటుంది. అసలు టెన్షన్ పడేది తల్లిదండ్రులే కాబట్టి ఈ సంగతి వాళ్లకు ముందే చెప్పాలి. బలవంతంగానో మోసంతోనో నోవిషియేట్‌లో చేరిస్తే ఆ ప్రవేశమే చెల్లదని చర్చి చట్టం 643వ నియమం. కేవలం మఠం మూతపడకుండా ఉండటానికి వేరే దేశాల అమ్మాయిలను రప్పించుకోకూడదని పోప్ ఫ్రాన్సిస్ కూడా 2016లో స్పష్టంగా చెప్పారు.