ఫుట్‌బాల్ ఆడితే చదువు పాడవుతుందా? మా ఇంటి అనుభవం

"అమెరికాలో హైస్కూల్లో చేరిన మా అబ్బాయి ఫుట్‌బాల్ ఆడతానంటున్నాడు, చదువు పాడవదా?" అని అడిగారు. పాడవదు. మేం బాస్టన్ దగ్గర ఉంటాం. మా వాడు హైస్కూలంతా ఆడాడు, బాగానే చదివాడు.

ఇది మన దగ్గర ఆడే ఫుట్‌బాల్ (సాకర్) కాదు, బంతిని చేతుల్లో పట్టుకుని ఎదుటివాళ్లని తోసుకుంటూ ముందుకెళ్లే అమెరికన్ ఫుట్‌బాల్. అందులో వాడు సెంటర్. బంతిని కాళ్ల మధ్య నుంచి వెనక్కి అందించి, మరుక్షణం ఎదుటివాణ్ని అడ్డుకోవాలి. ఒక పండగ భోజనాల దగ్గర తెలిసిన పెద్దాయన అందరి ముందూ "ఎన్ని గోల్స్ కొట్టావురా?" అని అడిగారు. "సెంటర్ స్కోర్ చెయ్యడు అంకుల్" అన్నాడు. "మరెందుకురా? ఆ టైములో నాలుగు లెక్కలు చేసుకోవచ్చుగా!" అన్నారాయన. వాడు తల దించుకుని పులిహోర కెలుకుతూ కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది. అక్కడే విలియం హెన్రీ లూయిస్ గురించి చెప్పాను.

లూయిస్ 1868లో వర్జీనియాలో పుట్టాడు. అమ్మానాన్నలు ఒకప్పుడు బానిసలు. మా రాష్ట్రం మసాచుసెట్స్‌లోనే ఆమ్‌హర్స్ట్ కాలేజీలో చదువుతూ 1891లో జట్టు కెప్టెన్ అయ్యాడు. తర్వాత హార్వర్డ్‌లో లా చదువుతూ సెంటర్‌గా ఆడాడు. బరువు ఎనభై కిలోలు కూడా ఉండడు. బంతిని ముందుకు విసిరే ఫార్వర్డ్ పాస్ 1906లో గానీ రాలేదు. అంతకుముందు మనుషుల్ని తోసుకుంటూ చొరబడడమే ఆట, ఆ తోపులాట మధ్యలో ఉండేది సెంటరే. అలాంటి చోట ఆడి 1892లోనూ, 1893లోనూ దేశంలోని మేటి కాలేజీ ఆటగాళ్లను ఎంచే ఆల్-అమెరికా జట్టుకి ఎంపికయ్యాడు. ఆ గౌరవం దక్కిన మొదటి నల్లజాతి ఆటగాడు అతనే. అంత పేరున్నా హార్వర్డ్ ఉన్న కేంబ్రిడ్జ్ ఊళ్లోనే ఒక బార్బర్ షాపులో క్షవరం చెయ్యం పొమ్మన్నారు. ఊరుకోలేదు. అలాంటి వివక్షకు అడ్డుకట్టగా రాష్ట్ర చట్టాన్ని పటిష్ఠం చేసేదాకా పట్టుబట్టాడు. 1896లో ఫుట్‌బాల్ మీద పుస్తకం రాశాడు, హార్వర్డ్ జట్టుకి కోచింగ్ ఇచ్చాడు, 1911లో దేశ న్యాయశాఖలో అసిస్టెంట్ అటార్నీ జనరల్ అయ్యాడు. అతని చదువు ఎక్కడ పాడైంది?

"అది వేరే సంగతి లేమ్మా" అన్నారు పెద్దాయన. ఎలా వేరో చెప్పలేదు. మా వాడు మాత్రం ఇంటికొచ్చే దారంతా లూయిస్ గురించే అడిగాడు.

మనవాళ్లతో నాకున్న బాధ ఇదే. శనివారం లెక్కల ట్యూషన్, ఆదివారం కోడింగ్ క్లాసు, ఎంత దూరమైనా కారులో తిప్పుతారు. సాయంత్రం గ్రౌండుకి వెళ్తానంటే మాత్రం టెన్షన్. పిల్లల మార్కులు తగ్గేది ఫోన్ వల్లే, నేను చూసిన ఇళ్లన్నిటిలోనూ అదే కారణం. ప్రాక్టీసు చేసొచ్చినవాడు అలసిపోయి ఉన్నా, ఉన్న కాస్త టైములో కుదురుగా చదువుతాడు. మా దగ్గర సీజన్ కూడా నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగతో అయిపోతుంది.

మీరు భయపడాల్సింది తలకి తగిలే దెబ్బల గురించి. ఆ ఆటలో అది నిజమైన ప్రమాదం. పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లి, దెబ్బ తగిలిన పిల్లాణ్ని ఎవరు పరీక్షిస్తారు, మళ్లీ ఎప్పుడు ఆడనిస్తారు అని కోచ్‌ని అడగండి. జవాబు సూటిగా రాకపోతే పిల్లాణ్ని ఆడనిచ్చే ఫారం మీద సంతకం పెట్టకండి.