యాంప్లిఫయర్ నుండి స్పీకరుకు ఏ కనెక్టర్ వాడాలి?

యాంప్లిఫయర్ నుండి స్పీకరు పెట్టెకు వెళ్లే తీగకు స్పీకాన్ (స్పీకర్ల కోసమే చేసిన, తిప్పితే తాళం పడే) కనెక్టరే తగినది. ఎక్స్‌ఎల్‌ఆర్ (మైకు తీగకుండే మూడు సూదుల గుండ్రటి కనెక్టర్), జాక్ (ఒంటి కడ్డీలా ఉండే కనెక్టర్) రెండింటినీ మైకు, మిక్సరు వైపుకే పరిమితం చేయడం మంచిది.

మైకు సంకేతం కొన్ని మిల్లీవోల్టులకు మించదు కనుక దానికి బయటి రొదను అడ్డుకునే కవచమున్న తీగ కావాలి. స్పీకరు తీగలో పారే విద్యుత్తు ఎక్కువ కనుక అక్కడ లావైన రాగి, గట్టి స్పర్శ, లాగినా ఊడని తాళం, చేతికి తగలని లోహభాగాలు అవసరమవుతాయి.

ఉదాహరణకు, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలాంటి జనసమ్మర్దంలో 8 ఓమ్‌ల స్పీకరుకు 400 వాట్లు పంపితే తీగలో సుమారు 7 ఆంపియర్లు, స్పీకరు రెండు కొనల మధ్య 57 వోల్టులు ఉంటాయి. ఎవరి కాలో తగిలి 6.35 మిల్లీమీటర్ల జాక్ సగం బయటికి వస్తే దాని రెండు భాగాలు కలిసి షార్టయి యాంప్లిఫయర్ దెబ్బతినవచ్చు. స్పీకాన్‌ను దూర్చి తిప్పితే తాళం పడుతుంది కనుక ఆ ప్రమాదం తక్కువ.

రంధ్రంలో పట్టిన తీగ ఏదైనా పనిచేస్తుందన్నది చాలామంది పొరపాటు. గిటారును యాంప్లిఫయర్‌కు కలిపే తీగ కొనన ఉన్న జాక్ చూడటానికి స్పీకరు జాక్‌లాగే ఉంటుంది గాని, లోపలి తీగ సన్నం కావడం వల్ల స్పీకరుకు వాడితే వేడెక్కి, శక్తిని దారిలోనే తినేస్తుంది. కవచం లేని స్పీకరు తీగను మైకుకు వాడితే హమ్మనే రొద వినిపిస్తుంది.